కరెంటు పోతేనే వినపడే పాట

రేణిగుంటలో అరక్కోణం ప్యాసింజరు ఎక్కి ఏకాంబరకుప్పంలో దిగాను. మర్నాడు ఆడికృత్తిక, మురుగన్ పండగ. పెట్టె నిండా పసుపు బట్టలు, కావళ్లు, స్టేషన్ వచ్చినప్పుడల్లా "అరోహరా" అని కేకలు. వాళ్లంతా తిరుత్తణి పోతున్నారు. నేనూ పోవాల్సిందాన్నే గానీ ముందు మా మామను చూసి పోదామనుకున్నా.

మా వీధి మలుపు తిరిగానో లేదో గంజి వాసన. అన్నం వార్చిన గంజి కాదు, నూలుకు పట్టించే గంజి. దానికి మగ్గాల నూనె, పత్తి దుమ్ము కలిస్తే పుట్టే వాసన మా నగరి వైపు తప్ప నాకు ఇంకెక్కడా తగల్లేదు. బెంగళూరులో ఇస్త్రీ కొట్టు ముందు ఒక్కోసారి దాని చుట్టం లాంటిది తగులుతుంది, అంతే. ఆ వాసన రాగానే నా తలలో ఒక పాట మొదలవుతుంది. స్వర్ణలత గొంతు, పక్కన బాలు. "పోవోమా ఊర్గోళం". చిన్నతంబి అనే తమిళ సినిమాలో పాట.

చిత్రం ఏమిటంటే, ఆ పాట నేను సరిగ్గా విన్నదంతా కరెంటు లేనప్పుడే.

*

మా వీధిలో సగం ఇళ్లలో తమిళం, సగం ఇళ్లలో తెలుగు. మా ఇంట్లో తెలుగే, కోపం వస్తే మాత్రం తమిళం. ఇంటికి ఎదురుగా ముదలాళి గారి షెడ్డు. ముదలాళి అంటే యజమాని. కింద పదహారు పవర్‌లూమ్‌లు, పైన వాళ్ల మేడ. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఆ షెడ్డులో రెండు మగ్గాలు చూసేవాడు. అమ్మ మూల కూర్చుని నూలు కండెలు చుట్టేది. బడి విడిచాక నేనూ పోయి ఆమె పక్కన కూర్చునేదాన్ని.

పదహారు మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో చెప్పడం కష్టం. చెవితో వినేది కాదు, పళ్లతో వినేది. గోడకు ఆనుకుంటే గోడ, నేల మీద కూర్చుంటే నేల. లోపల ఎవరూ మాట్లాడుకోరు. పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. అమ్మ షెడ్డుకు ఆ చివర నుంచి "చారు పొయ్యి మీద పెట్టు" అని పెదాలతో అంటే ఈ చివర నాకు తెలిసేది. నాడెలో, అంటే పోగును అటూ ఇటూ మోసే దాంట్లో, కండె అయిపోయిందా, పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఏదన్నా తెగిందా అన్నది మాత్రం మామ చప్పుడును బట్టే కనిపెట్టేవాడు. అంత రొదలో ఆ చిన్న తేడా ఎట్లా పట్టుకునేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

కూలి మీటరు లెక్కన. మగ్గం ఆడినంతసేపే డబ్బు.

కరెంటు పోతే అన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దానికి మొదట చెవుల్లో గుయ్‌మని మోత. తర్వాత ఒక్కొక్కటే వినపడేది: కాకి, ఎవరో దగ్గు, దూరంగా రైలు. అప్పుడు మామ మా ఇంటి కిటికీ గూట్లోంచి టూ-ఇన్-వన్ దించి మీట నొక్కేవాడు. కువైట్‌కు పోయొచ్చిన దోస్తు దగ్గర వాయిదాల మీద కొన్నది అది. బ్యాటరీతో నడిచేది. మేడ మీద ముదలాళి గారింట్లో ఇంతకంటే పెద్ద డెక్కు, నిలువెత్తు స్పీకర్లు ఉండేవి గానీ కరెంటు పోతే అవీ మూగే. అందుకని కరెంటు లేని గంట, గంటన్నర, వీధి మొత్తానికి పాట మా మామదే. మేడ మీద వాళ్లు కూడా పిట్టగోడ దగ్గరకు వచ్చి నిలబడి వినేవాళ్లు.

మా అమ్మకు మాత్రం ఆ పాటంటే ఒళ్లుమంట. "ఆ యమ్మి గొంతు వినపడిందంటే మన కూలి పోయినట్టే" అనేది. స్వర్ణలత చేసిన తప్పేమీ లేదు పాపం.

*

చిన్నతంబి 1991లో తమిళ సంవత్సరాది రోజుల్లో వచ్చింది. పి. వాసు డైరెక్షన్. ఎం.జి.ఆర్.కు, మన రామారావు గారికి మేకప్ వేసిన పీతాంబరం కొడుకే ఆయన. ప్రభు, ఖుష్బూ, ఇళయరాజా. ఖుష్బూ దక్షిణాదిలో అడుగుపెట్టింది తెలుగు సినిమాతోనే, 1986లో, వెంకటేశ్ పక్కన. కానీ ఆమెను నెత్తిన పెట్టుకున్నది తమిళం వాళ్లు. ఆమెకు గుడి కట్టారు, ఇడ్లీకి ఆమె పేరు పెట్టారు. ఆ రోజుల్లో మా వీధిలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు కూడా ఆ పేరే పెట్టబోతే ముసలివాళ్లు అడ్డం పడ్డారు.

మా ఊళ్లోకి ఎప్పుడొస్తుందోనని ఆగలేక తిరుత్తణి పోయాం. అవ్వ పుట్టిల్లు అక్కడే. "నేను పుట్టినప్పుడు అది మన చిత్తూరు జిల్లానే మే" అనేది అవ్వ. 1960లో రాష్ట్రాల సరిహద్దు మార్చిన పటాస్కర్ అవార్డు ప్రకారం తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. "నేను అత్తగారింటికి వస్తి, మా అమ్మగారిల్లు వేరే రాష్ట్రానికి పాయ. ఎవురూ నన్నడగల్యా." ఈ మాట రైల్లో వెంకటనరసింహరాజువారిపేట స్టేషన్ వచ్చినప్పుడల్లా అనేది. ఆ బోర్డు మీది పేరు కూడబలుక్కుని చదివేలోపు బండి కదిలిపోయేది. అది దాటితే కొంచెం దూరంలో తమిళనాడు.

ఆ రోజు అమ్మ షెడ్డుకు జ్వరమని చెప్పి వచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మా ఊరి టాకీసులో ఆట మొదలయ్యే ముందు ఘంటసాల గొంతులో "నమో వెంకటేశా" వేసేవాళ్లు. తిరుత్తణిలో శీర్గాళి గోవిందరాజన్ వినాయకుడి పాట. రెండింటికీ అర్థం ఒకటే: టికెట్ల కిటికీ తెరుస్తున్నారు, పరుగెత్తండి. నేల టికెట్టుకు ఆడవాళ్ల వరస వేరు, మగవాళ్ల వరస వేరు. లోపల కూడా మధ్యలో పొట్టి గోడ. మేం నేల. ముందు మనిషి తల అడ్డం రాకుండా అవ్వ కండువా మడిచి ఎత్తుగా వేసుకుని కూర్చుంది. మా వెనక బెంచీలు, వాటి వెనక కుర్చీలు, పైన బాల్కనీ.

కథ మీకు తెలిసే ఉంటుంది. ఊరి పెద్ద ఇంట్లో ముగ్గురు అన్నలకు ఒకే చెల్లెలు. ఆ పాప పుట్టినప్పుడు జోల పాడటానికి ఒక పేదింటి పిల్లాడిని పిలుస్తారు. ఈ పిల్ల తనంతట తను ప్రేమించి పెళ్లి చేసుకుంటుందని జోస్యుడు చెబుతాడు. దాంతో అన్నలు ఆమె కంట మగవాడు పడకుండా పెంచుతారు. ఆమె వీధిలోకి వస్తే మగవాళ్లంతా పక్కకు తప్పుకోవాలి. జోల పాడిన ఆ పిల్లాడే పెద్దయి, లోకం తెలియకుండా మిగిలిపోయి, ఆ ఇంటికే పనికి వస్తాడు. తాళి అంటే ఏంటో కూడా తెలియదు వాడికి. ఆమె కట్టమంటే కడతాడు.

మనో పాడిన జోల మొదలవగానే హాల్లో ఏడుపు మొదలు. మనో మనవాడే, సత్తెనపల్లి నాగూర్‌బాబు. ఇళయరాజా చేతిలో మనో అయ్యాడు. నేల వాళ్లు ఏడ్చారు, బెంచీ వాళ్లు ఏడ్చారు. ప్రభు తల్లిగా వేసిన మనోరమను ఆ అన్నలు హింస పెట్టే సీన్లో అవ్వ లేచి నిలబడి తెర మీది మనుషులను నోటికొచ్చినట్టు తిట్టింది. వెనకాల నుంచి "పాట్టీ, ఉక్కారు" అని, అంటే అవ్వా కూర్చో అని, కేకలు. చివర్లో స్పృహ లేకుండా పడి ఉన్న ఖుష్బూ పాటకు కళ్లు తెరిస్తే, పొట్టి గోడ అవతల మగవాళ్ల ఈలలకు మాకు పాట సగమే వినపడింది.

బయటికి వస్తుంటే బాల్కనీ మెట్ల దగ్గర ముదలాళి గారి అంబాసిడర్. ముదలాళమ్మ కళ్లు తుడుచుకుంటూ దిగుతోంది, వెనకాల చిన్నమ్మాయి. అమ్మ చటుక్కున కొంగు తల మీద వేసుకుని నన్ను అడ్డం పెట్టుకుంది. పదేళ్ల పిల్ల చాటున ముప్పై ఏళ్ల మనిషి ఎంత దాక్కుంటుంది?

మర్నాడు ముదలాళమ్మ షెడ్డులోకి దిగి వచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, అమ్మ ఖర్మ కొద్దీ. అందరికీ వినపడింది. "ఏం మే, జొరం తగ్గిందా? మనో పాడితే పొయ్యే జొరమేనా?" అందరూ నవ్వారు. ముదలాళమ్మ కూడా నవ్వింది. శనివారం కూలి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ పూట డబ్బు పట్టుకునే ఇచ్చింది.

*

బ్యాటరీల సంగతి చెప్పాలి.

మామ టేపుకి పెద్దవి ఆరు కావాలి. నిప్పో. ఆరు బ్యాటరీలంటే అప్పట్లో మాకు మాటలు కాదు. అందుకని అయిపోయినవాటిని ఎండలో పెట్టేవాడు. గోడ మీద ఆరు బ్యాటరీలు వరసగా, వడియాలు ఎండబెట్టినట్టు. కాస్త వేడెక్కితే ఇంకో రెండు పాటలు వచ్చేవి. ప్రాణం పోతున్నకొద్దీ టేపు నెమ్మదించేది. బాలు గొంతు జేసుదాసు గొంతులా, స్వర్ణలత గొంతు మగవాడి గొంతులా అయ్యేది. మేం పిల్లలం అట్లా పాడి ఒకరినొకరు వెక్కిరించుకునేవాళ్లం. నిజం పాట ఏ వేగంలో ఉంటుందో నాకు చాలా రోజులు తెలియదు.

ఒకరోజు కరెంటు పోయి పాట సగంలో ఉండగా టేపు అట్లాగే మూలిగి ఆగిపోయింది. పిట్టగోడ దగ్గర చిన్నమ్మ, అంటే ముదలాళి గారి చిన్నమ్మాయి. పదో తరగతి తప్పి ఇంట్లో ఉండేది. కాసేపటికి నన్ను సైగ చేసి పైకి పిలిచింది. దినతంతి అనే తమిళ పేపరు కాగితంలో చుట్టిన పొట్లం చేతిలో పెట్టి "మీ మామకియ్యి పాపా. నేనిచ్చినానని యెవురికీ చెప్పాకు" అంది. రెండు కొత్త బ్యాటరీలు.

మామ పొట్లం విప్పి చూశాడు. పైకి చూడలేదు. మళ్లీ అట్లాగే చుట్టి గూట్లో పెట్టాడు.

"వేయి మామా."

"పాతవాట్తో కలపగూడదు పాపా. కొత్తవి గూడా చచ్చిపోతాయి. ఇంకో నాలుగు కొన్నాక ఆరూ కలిపి వేస్తా."

ఆ మాటలో ఇంకేదో ఉందని మా చెల్లెలు వాదిస్తుంది. నేను ఒప్పుకోను. బ్యాటరీల గురించి అందరికీ తెలిసిన సంగతే అది, మామ లెక్క మనిషి. ఎన్ని మీటర్లు, ఎన్ని పైసలు, ఎన్ని కండెలు అన్నీ నోటి లెక్క. చిన్నతంబిలో ప్రభులాంటి వాడు కానే కాదు. నిజానికి ఆ సినిమాతో నాకు ఇప్పుడున్న పేచీ అదే. పెద్దింటి పిల్లను ప్రేమించనివ్వాలంటే ఆ పేదవాడిని పసిపిల్లాడిని చేయాల్సొచ్చింది. తాళి అంటే తెలియనివాడి మీద ఎవరికి కోపం వస్తుంది? లెక్కలొచ్చిన మా మామలాంటి వాడిని పెట్టి తీసుంటే బాల్కనీలో ముదలాళమ్మ ఏడ్చేదా? ఇది పెద్దయ్యాక వచ్చిన తెలివి. అప్పుడు మాత్రం ఆ జోల వస్తే నేనూ వెక్కివెక్కి ఏడ్చాను, ఇప్పుడొచ్చినా గొంతు పట్టుకుంటుంది. ఇళయరాజా ముందు పేచీలు నిలవవు.

నాలుగు రోజులకు ఆ పొట్లం అమ్మ కంటబడింది. నన్ను నిలదీస్తే చెప్పేశాను. అమ్మ అరవలేదు, అదే భయమేసింది. మామను పెరట్లోకి పిలిచి చాలాసేపు ఏదో చెప్పింది. షెడ్డు అలవాటు కొద్దీ పెదాలతోనే చెప్పింది, చప్పుడు లేకుండా. నాకు అర్థమైనవి రెండే మాటలు: "కూడు", "వీధి". మామ తల ఊపాడు. నాకు మేడ మెట్లు ఎక్కొద్దని ఆజ్ఞ.

వాళ్లిద్దరి మధ్య ఏమన్నా ఉందా? ఒక్క మాట మాట్లాడుకోగా నేను చూడలేదు. రెండు బ్యాటరీలను ప్రేమ అంటారా? వీధి మాత్రం అంది. మామ షెడ్డులోకి వస్తుంటే తోటివాళ్లు "చిన్నతంబీ" అని పెదాలతో పిలిచి నవ్వేవాళ్లు. మామ వినపడనట్టు ఉండేవాడు. అంత రొదలో నిజంగానే వినపడలేదేమో, కానీ అది పెదాలతో అన్న మాట కదా.

ఆవణి నెలలో చిన్నమ్మకు ఆరణిలో సంబంధం కుదిరింది. పట్టు చీరల వ్యాపారం వాళ్లు. పెళ్లికి మూడు రోజులు వీధంతా మైకు, ఇరవై నాలుగు గంటలు జనరేటర్. మొదటిసారి కరెంటుతో పని లేకుండా, సరైన వేగంలో, ఆ పాటలన్నీ విన్నాను. మామ పంక్తిలో వడ్డనకు నిలబడ్డాడు. ఆఖరి పంక్తిలో కూర్చుని పాయసం రెండుసార్లు వేయించుకున్నాడు. మా అవ్వ అది చూసి "వీడికేం గాల్యా" అని నిశ్చింతగా ఆకు వక్క వేసుకుంది.

*

మరుసటి ఏడాది చంటి వచ్చింది. రవిరాజా పినిశెట్టి తీశారు, వెంకటేశ్, మీనా. తల్లిగా సుజాత. ఇళయరాజానే, చాలా వరకు ఆ వరసలే. ఈసారి మా ఊళ్లోనే చూశాం, నమో వెంకటేశా అయ్యాక. మా ఇంట్లో రెండు పార్టీలు. అమ్మ చంటి పార్టీ. "మాట మాట అర్థమైతా ఉంటే ఏడవనీకి సుకంగా ఉంటాది" అనేది. అవ్వ చిన్నతంబి పార్టీ. మనోరమ కోసం. మామను అడిగితే "రెండిట్లో పాటలు బాగుండాయి" అని తప్పించుకునేవాడు. అదే కథను కన్నడంలోనూ తీశారు, తర్వాత హిందీలో అనాడీ అని మళ్లీ వెంకటేశ్‌తోనే 1993లో తీశారు. పెద్దింటి పిల్ల, పేదింటి పాటగాడు, ముగ్గురన్నలు. అన్ని భాషల్లోనూ ఆడింది. అన్ని ఊళ్లలోనూ అంత తేలిగ్గా ఏడవగలిగే జనం ఉన్నారన్నమాట.

నేను చదువుకుని, ఉద్యోగానికి బెంగళూరు వచ్చేశాను. స్వర్ణలత 2010 సెప్టెంబరులో పోయింది. ముప్పై ఏడేళ్లకే. ఆ సాయంత్రం మామ ఫోన్ చేశాడు. ఎప్పుడూ చేయడు. "ఆ యమ్మి పోయిందంట పాపా" అన్నాడు. వెనకాల మగ్గం ఆడుతూనే ఉంది. ఏదో ఇంకా చెప్పాడు, నాకు వినపడలేదు. పదేళ్ల తర్వాత, అదే సెప్టెంబరులో, బాలు పోయినప్పుడు నేనే చేశాను. ఎత్తలేదు.

*

షెడ్డు ఇప్పుడు లేదు. ముదలాళి గారు పోయాక కొడుకులు మద్రాసు చేరారు, మగ్గాలు పాత ఇనుము కింద అమ్మారు. మామ రెండు కొన్నాడు. తాను పాతికేళ్లు తిప్పిన ఆ రెండే. మా పాత ఇంటి ముందు వసారాకు రేకులు వేసి అందులో పెట్టుకున్నాడు. ఊళ్లో చాలామంది ఆపేశారు. ఇదివరకు వీధి మొదట్లో నిలబడితే ఏ ఇంటి చప్పుడో తెలిసేది కాదు. మొన్న మామ మగ్గం ఒక్కటే దూరం నుంచి గుర్తుపట్టాను.

నన్ను చూసి నవ్వాడు, మగ్గం ఆపలేదు. "ఆర్డరు రేపటికియ్యాల" అని పెదాలతో అన్నాడు. చెవులు బాగా తగ్గాయి. నేను గోడ పక్కన కూర్చున్నా. గూడు ఖాళీగా లేదు. టూ-ఇన్-వన్ అక్కడే ఉంది, మూత లేకుండా. దాని పక్కన పసుపురంగు తిరిగిన దినతంతి ముక్క. విప్పాను. రెండు నిప్పోలు, కారి, తెల్లటి ఉప్పు పట్టి, కాగితానికి అతుక్కుపోయి ఉన్నాయి. మళ్లీ అట్లాగే చుట్టి పెట్టేశాను. మామ చూశాడో లేదో తెలియదు, పడుగు మీదకి వంగి ఉన్నాడు.

ఫోన్లో పాట పెట్టాను. మామ చెవి దగ్గర పట్టుకున్నా. తల అడ్డంగా ఊపాడు. కరెంటు పోతుందేమో కాసేపు ఆగుదామనుకున్నా. నా మొహం చూసి నవ్వి, "ఇప్పుడు పోవట్లేదు పాపా, అంతగా" అన్నాడు, పెదాలతోనే. తర్వాత ఫోన్ వైపు చూపించి "స్వర్ణలతా?" అని అడిగాడు.

అవునని తల ఊపాను.

నాడె తీసి, కండె మార్చి, మళ్లీ మగ్గం తిప్పాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. పోగు ముడి వేస్తున్నాడో పాట పాడుతున్నాడో, నాకంటే బాగా పెదాలు చదవగలిగిన మా అమ్మ ఉంటే చెప్పేది. పాట నా చేతిలో పాడుతూనే ఉంది.